ఐరోపా డిజిటల్ చట్టాల వెనుక రాజ్యాంగం: తూకం ఎవరి చేతిలో ఉంది?

ఐరోపా సమాఖ్యకు రాజ్యాంగమే లేనప్పుడు దాని డిజిటల్ చట్టాలను రాజ్యాంగ కోణంలో చర్చించడానికి అర్థమేమిటని, ఇవన్నీ చివరికి మార్కెట్‌ను అదుపు చేసే చట్టాలే కదా అని మీరు అడిగారు. ఆన్‌లైన్ వేదికలపై ఏది ఉండాలో, ఏది ఉండకూడదో చట్టం చెప్పడం సెన్సార్‌షిప్ కాదా అన్న సందేహాన్ని కూడా వెలిబుచ్చారు. చాలా ఏళ్లుగా ఐరోపా న్యాయస్థానాల తీర్పులను చదువుతూ, విద్యార్థులకు బోధిస్తూ వచ్చిన వ్యక్తిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ చట్టాల్లో జరిమానాలు ఎంత పెద్దవన్నది నాకు అంత ముఖ్యంగా తోచదు. ఒకరి హక్కుకు, మరొకరి హక్కుకు, ప్రభుత్వ అవసరానికి మధ్య తూకం వేసేది ఎవరు, ఆ తూకాన్ని న్యాయమూర్తి ముందు ప్రశ్నించే దారి ఉందా అన్నదే అసలు రాజ్యాంగ ప్రశ్న. ఐరోపా అనుభవం నేర్పేది కూడా అక్కడే ఉంది, దాని బలహీనత కూడా అక్కడే ఉంది.

రాజ్యాంగం అన్న పేరుతో ఒక పత్రం లేదన్న మీ మాట నిజమే. అటువంటి ఒప్పందాన్ని 2004లో రాసుకున్నారు గానీ, 2005లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ప్రజాభిప్రాయ సేకరణల్లో అది వీగిపోయింది. అయితే 2000లో ప్రకటించిన ప్రాథమిక హక్కుల చార్టర్‌కు 2009 డిసెంబరు 1న లిస్బన్ ఒప్పందంతో పాటు పూర్తి చట్టబద్ధత వచ్చింది. అప్పటి నుంచి సమాఖ్య చేసే ఏ చట్టమైనా చార్టర్‌కు లోబడి ఉండాలి; లేకపోతే లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం దాన్ని కొట్టివేస్తుంది. పేరు ఏదైనా పని మాత్రం రాజ్యాంగం చేసే పనే. అందులో 7వ అధికరణ వ్యక్తిగత జీవితాన్ని, 8వ అధికరణ వ్యక్తిగత సమాచార రక్షణను, 11వది భావ ప్రకటన స్వేచ్ఛను, 16వది వ్యాపార స్వేచ్ఛను, 47వది న్యాయస్థానం ద్వారా పరిహారం పొందే హక్కును కాపాడతాయి. వీటిలో దేనికైనా పరిమితి విధించాలంటే ఆ పరిమితి చట్టం ద్వారానే రావాలని, హక్కు సారాన్ని దెబ్బతీయకూడదని, సాధించదలచిన ప్రయోజనానికి తగిన పాళ్లలోనే ఉండాలని 52వ అధికరణ చెబుతుంది. ఈ చివరి షరతును అనుపాత సూత్రం అంటాం. కింద నేను ప్రస్తావించే ప్రతి తగాదాకూ ఇదే ఇరుసు.

ఈ కథ మొదలైంది మాత్రం సమాఖ్య కార్యాలయాలున్న బ్రస్సెల్స్‌లో కాదు, పశ్చిమ జర్మనీలో. అదీ జనాభా లెక్కలతో. 1983 ఏప్రిల్‌లో జరగవలసిన జనగణన ప్రశ్నావళిలో కుటుంబం, ఉద్యోగం, పనికి వెళ్లివచ్చే దారి వంటి వివరాలు అడిగారు. ప్రజలను అంతకంటే ఎక్కువ కలవరపెట్టింది ఆ చట్టంలోని మరో ఏర్పాటు: జనం నింపిచ్చిన వివరాలను స్థానిక సంస్థల నివాస రిజిస్టర్లతో సరిపోల్చి, ఆ రిజిస్టర్లను సవరించుకోవచ్చు. అంటే గణాంకాల కోసమని చెప్పి తీసుకున్న సమాచారం, పేరు పేరునా, పరిపాలన చేతికి తిరిగి వెళుతుంది. కార్ల్స్‌రూహేలోని రాజ్యాంగ న్యాయస్థానం ముందు స్టే ఇచ్చి, 1983 డిసెంబరు 15న తీర్పు చెప్పింది. జనగణనను అది తప్పుపట్టలేదు. ఆ సరిపోల్చే ఏర్పాటును కొట్టివేసింది. మానవ గౌరవం, వ్యక్తిత్వ వికాసం గురించి మౌలిక శాసనంలో, అంటే జర్మనీ రాజ్యాంగంలో, ఉన్న 1, 2 అధికరణలను కలిపి చదివి, తన గురించిన సమాచారం ఎవరికి, ఎంతవరకు చేరాలో తానే నిర్ణయించుకునే హక్కు పౌరుడికి ఉందని ప్రకటించింది. కంప్యూటర్లు వచ్చాక అప్రధానమైన సమాచారమంటూ ఏదీ మిగలలేదని, తాను ఒక సభకు వెళ్లిన సంగతి ఎక్కడో నమోదవుతుందని అనుమానించే మనిషి ఆ సభకే వెళ్లడం మానుకోవచ్చని, అప్పుడు నష్టం ఆ ఒక్కడికే కాక ప్రజాస్వామ్యానికీ కలుగుతుందని ఆ తీర్పు వివరించింది. లోపాలు సరిదిద్దుకున్న చట్టంతో జనగణన 1987లో జరిగింది. ఇంటర్నెట్ సామాన్యుడి ఇంట్లోకి రావడానికి ఎన్నో ఏళ్ల ముందే రాసిన ఆ పేజీలను ఇప్పటికీ తరగతి గదిలో చదివిస్తాను. చదివిన ప్రతి విద్యార్థీ తన జేబులోని ఫోన్ గురించే ఆలోచిస్తాడు.

ఇక మీ మొదటి ప్రశ్నకు, అంటే మార్కెట్ చట్టానికీ రాజ్యాంగానికీ ఉన్న సంబంధానికి, నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి ఉదాహరణ ఒక డైరెక్టివ్ బతికి చచ్చిన తీరు. 2004లో మాడ్రిడ్‌లో, 2005లో లండన్‌లో బాంబు పేలుళ్లు జరిగాక, 2006లో సమాఖ్య ఒక డైరెక్టివ్ తెచ్చింది. డైరెక్టివ్ అంటే సభ్య దేశాలు తమ తమ చట్టాల ద్వారా అమలు చేయవలసిన సమాఖ్య చట్టం. టెలిఫోన్, ఇంటర్నెట్ కంపెనీలు ప్రతి వినియోగదారుడూ ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు, ఎక్కడి నుంచి మాట్లాడాడో ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు దాచి ఉంచాలని అది ఆదేశించింది. మాటల సారాంశం అక్కరలేదు, చుట్టూ ఉన్న వివరాలు చాలు. విచిత్రమేమిటంటే, నేర దర్యాప్తు కోసమే పుట్టిన ఈ ఏర్పాటును మార్కెట్ చట్టంగా చేశారు. ఒక్కో దేశంలో ఒక్కో నిబంధన ఉంటే కంపెనీలకు ఖర్చు, ఇబ్బంది కలుగుతాయి కాబట్టి ఏకీకృత మార్కెట్ కోసం ఒకే నిబంధన కావాలన్నది వాదన. ఆ చట్టపరమైన ఆధారం సరైనది కాదంటూ ఐర్లాండ్ ప్రభుత్వం వేసిన దావాను 2009 ఫిబ్రవరి 10న ఐరోపా న్యాయస్థానం కొట్టివేసింది. ఆ కేసులో న్యాయస్థానం తేల్చింది ఆధారం సరైనదా కాదా అన్నదే. హక్కుల సంగతిని తాను పరిశీలించడం లేదని స్పష్టంగా చెప్పింది. మార్కెట్ చట్టంగా చూస్తే డైరెక్టివ్ నిలబడింది.

ఈలోగా జాతీయ రాజ్యాంగ న్యాయస్థానాలు కదిలాయి. రుమేనియా న్యాయస్థానం 2009లో తమ దేశపు అమలు చట్టాన్ని కొట్టివేసింది. జర్మనీలో సుమారు 35 వేల మంది పౌరులు వేసిన ఫిర్యాదులపై 2010 మార్చి 2న కార్ల్స్‌రూహే కూడా అదే పని చేసింది. ఆ తరువాత ఐర్లాండ్ హైకోర్టు నుంచి, పదకొండు వేలమందికి పైగా పిటిషనర్లు ఉన్న కేసులో ఆస్ట్రియా రాజ్యాంగ న్యాయస్థానం నుంచి, అసలు ప్రశ్న లక్సెంబర్గ్‌కు చేరింది. 2014 ఏప్రిల్ 8న తీర్పు వచ్చింది. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎక్కడ ఉంటున్నారో, రోజూ ఎక్కడికి వెళ్లివస్తున్నారో కలిపి చూస్తే మనిషి జీవితం మొత్తం తేటతెల్లమవుతుందని, నేరంతో దూరపు సంబంధం కూడా లేని వారితో సహా దాదాపు ఐరోపా జనాభా అంతటి సమాచారాన్ని తేడా లేకుండా దాచడం అవసరాన్ని మించిన చర్య అని, ఆ సమాచారాన్ని పోలీసులు చూసే ముందు న్యాయస్థానమో స్వతంత్ర సంస్థో అనుమతించాలన్న షరతు కూడా లేదని చెప్పి డైరెక్టివ్‌ను చెల్లనిదిగా ప్రకటించింది. ఒకే చట్టం 2009లో మార్కెట్ పరీక్షలో నెగ్గి, 2014లో హక్కుల పరీక్షలో ఓడింది. అందుకే 'మార్కెట్ చట్టమా, రాజ్యాంగ చట్టమా' అని రెండు గదులుగా విడదీసి అడిగితే సమాధానం దొరకదు. సమాఖ్యకు చట్టం చేసే అధికారం ఎక్కువగా మార్కెట్ తలుపు నుంచే వస్తుంది. లోపలికి వచ్చాక ఆ చట్టాన్ని చార్టర్ తూస్తుంది.

దీంతో ప్రభుత్వాలు ఊరుకున్నాయని అనుకోకండి. 2016 డిసెంబరులో స్వీడన్, బ్రిటన్ చట్టాలపై, 2020 అక్టోబరులో ఫ్రాన్స్, బెల్జియం చట్టాలపై న్యాయస్థానం మళ్లీ ఇదే మాట చెప్పవలసి వచ్చింది. 2020 తీర్పులో మాత్రం దేశ భద్రతకు తీవ్రమైన, నిజమైన ముప్పు ఉన్నప్పుడు పరిమిత కాలానికి అందరి సమాచారాన్నీ దాచవచ్చని సడలింపు ఇచ్చింది. ఆ సడలింపును ఫ్రాన్స్ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2021 ఏప్రిల్‌లో చాలా విశాలంగా అన్వయించి, ఉన్న పద్ధతిలో ఎక్కువ భాగాన్ని నిలబెట్టింది. ముప్పు ఎప్పటికప్పుడు కొనసాగుతూనే ఉందని ప్రకటిస్తూ పోతే మినహాయింపే నియమంగా మారుతుంది. ఈ విషయంలో ఐరోపా న్యాయస్థానం తన సొంత తీర్పుకు తానే గండి కొట్టుకుందని నా అభిప్రాయం.

ఇప్పటివరకు చెప్పినవి ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య తగాదాలు. డిజిటల్ రంగంలో అధికారం మాత్రం చాలావరకు ప్రైవేటు కంపెనీల చేతిలో ఉంది. ప్రాథమిక హక్కులు ప్రైవేటు వ్యక్తుల మధ్య కూడా ప్రసరిస్తాయన్న భావన జర్మనీలో 1958 నాటి ల్యూట్ తీర్పు నుంచీ ఉంది; అమెరికా రాజ్యాంగంలో భావ ప్రకటన స్వేచ్ఛ ప్రధానంగా ప్రభుత్వానికి వేసిన సంకెల కావడంతో అక్కడి ఆలోచన వేరే దారిలో సాగింది. 2014 మే 13న గూగుల్ స్పెయిన్ కేసులో లక్సెంబర్గ్ ఈ ప్రసరణను సెర్చ్ ఇంజన్ దాకా తెచ్చింది. సామాజిక భద్రత బకాయిల కోసం ఒక వ్యక్తి ఆస్తిని వేలం వేస్తున్నట్టు 1998లో ఒక దినపత్రికలో రెండు చిన్న ప్రకటనలు వచ్చాయి. అప్పు తీరిపోయింది, ఏళ్లు గడిచాయి, అయినా అతని పేరు వెతికితే ఆ ప్రకటనలే కనిపించేవి. పత్రిక తన పేజీని తీయనక్కరలేదు గానీ, పేరుతో వెతికినప్పుడు వచ్చే ఫలితాల్లోంచి ఆ లంకెలను తొలగించాలని ఆ వ్యక్తి కోరవచ్చని న్యాయస్థానం చెప్పింది.

మనిషిగా ఆ ఫలితం నాకు న్యాయంగానే తోస్తుంది. పద్ధతి విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఒకరి గోప్యతకు, ప్రజలు తెలుసుకునే హక్కుకు మధ్య మొదటి తూకం వేసే పని ఒక కంపెనీ ఉద్యోగికి దక్కింది. రాసిన పత్రికకు అక్కడ మాట చెప్పుకునే చోటు సరిగా ఏర్పరచలేదు. ఐదేళ్ల తరువాత, 2019 నవంబరు 6న, కార్ల్స్‌రూహే ఇదే సమస్యను మరింత ఓపికగా పరిశీలించింది. 1982లో హత్య కేసులో జీవిత ఖైదు పడి, శిక్ష ముగించుకుని బయటికి వచ్చిన వ్యక్తి ఒక వారపత్రిక ఆన్‌లైన్ సంపుటాలపై ఫిర్యాదు చేశాడు. పాత వార్తను చెరిపేయనక్కరలేదని, అయితే కాలం గడిచే కొద్దీ తూకం మారుతుందని, పేరుతో వెతికినప్పుడు ఆ వార్త నేరుగా ముందుకు రాకుండా చూసే మధ్యేమార్గాలను పరిశీలించాలని న్యాయస్థానం చెప్పింది. పత్రిక స్వేచ్ఛను, మనిషి మళ్లీ బతకడం మొదలుపెట్టే అవకాశాన్ని రెండింటినీ చూసి చెప్పిన మాట అది.

సెన్సార్‌షిప్ గురించిన మీ సందేహానికి వస్తే, ఐరోపాలోనే ఆ సందేహం నిజమైన సందర్భం ఒకటి ఉంది. ఫ్రాన్స్ పార్లమెంటు 2020లో చేసిన ఒక చట్టం, ద్వేషపూరిత పోస్టులను వేదికలు 24 గంటల్లో తొలగించాలని, ఉగ్రవాదాన్ని సమర్థించే వాటిని, పిల్లలపై లైంగిక అకృత్యాల చిత్రాలను అధికారులు చెప్పిన గంటలోపు తీసేయాలని, లేదంటే 2.5 లక్షల యూరోల జరిమానా అని చెప్పింది. చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో చూసే ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి 2020 జూన్ 18న ఈ రెండింటినీ కొట్టివేసింది. పోస్టు చట్టవిరుద్ధమో కాదో న్యాయమూర్తి ప్రమేయం లేకుండా అధికారి ఒక్కడే తేలుస్తున్నాడని, గంట సమయంలో న్యాయస్థానానికి వెళ్లడమే సాధ్యం కాదని, 24 గంటల నిబంధన వల్ల శిక్ష భయంతో కంపెనీలు చట్టబద్ధమైన మాటలను కూడా తీసేస్తాయని మండలి చెప్పింది. ఉద్దేశం ఎంత మంచిదైనా పద్ధతి రాజ్యాంగానికి నిలవలేదు. ఇదే మండలి 2009లో, కాపీహక్కుల ఉల్లంఘనకు ఒక పరిపాలనా సంస్థ ఇంటర్నెట్ కనెక్షన్ తొలగించే ఏర్పాటును కూడా ఇదే తర్కంతో అడ్డుకుంది.

ఆన్‌లైన్ వేదికల బాధ్యతలపై 2022లో సమాఖ్య తెచ్చిన డిజిటల్ సేవల చట్టం ఈ పాఠాన్ని కొంతవరకు నేర్చుకుంది. ఏది చట్టవిరుద్ధమో అది కొత్తగా నిర్వచించదు. ఆ పని ఇతర చట్టాలకు వదిలేస్తుంది. వినియోగదారులు పెట్టే ప్రతిదాన్నీ కాపలా కాయాలని వేదికలను ఆదేశించడాన్ని 8వ అధికరణ నిషేధిస్తుంది. మీ పోస్టు తీసేస్తే 17వ అధికరణ కింద మీకు కారణాలు రాసి పంపాలి: ఏ వాస్తవాల ఆధారంగా తీశారు, చట్టం ప్రకారమా కంపెనీ షరతుల ప్రకారమా, నిర్ణయంలో యంత్రం పాత్ర ఉందా, ఎక్కడ అప్పీలు చేసుకోవాలి. ఫిర్యాదు చేసుకోవడానికి ఆరు నెలల గడువు ఉండాలి, ఆ ఫిర్యాదును కేవలం యంత్రమే తేల్చకూడదు, ఆపై బయటి పరిష్కార సంస్థకు గానీ న్యాయస్థానానికి గానీ వెళ్లవచ్చు. ఇవి కార్యాలయ లాంఛనాల్లా కనిపిస్తాయి. కానీ కారణం చెప్పకుండా ఖాతా మూసేస్తే ఎవరిని అడగాలో తెలియక నిస్సహాయంగా కూర్చున్న మనిషిని ఒక్కసారి చూసినవారికి, కారణం తెలుసుకునే హక్కు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. జర్మనీ సుప్రీంకోర్టు 2021 జులైలో ఫేస్‌బుక్ కేసులో ఇదే దారిలో, వినియోగదారుడికి సమాచారమిచ్చి జవాబు చెప్పుకునే అవకాశం కల్పించాలని తీర్పు ఇచ్చింది. కాబట్టి ఈ చట్టం మొత్తాన్ని సెన్సార్‌షిప్ అనడం సరికాదని నా నిర్ణయం.

అలాగని అంతా బాగుందని అనను. నెలకు 4.5 కోట్ల మందికి పైగా ఐరోపా వాసులు వాడే వేదికలు, ఎన్నికలకు, ప్రజా చర్చకు, ప్రాథమిక హక్కులకు తమ వల్ల కలిగే 'వ్యవస్థాగత ముప్పు'లను తామే అంచనా వేసి తగ్గించుకోవాలని 34, 35 అధికరణలు చెబుతాయి. ముప్పు అన్న మాటకు హద్దు తేలికగా గీయలేం. ఆ హద్దును పర్యవేక్షించేది, ప్రపంచ ఆదాయంలో 6 శాతం వరకు జరిమానా వేయగలిగేది ఐరోపా కమిషన్. కమిషన్ ఒక కార్యనిర్వాహక సంస్థ, రాజకీయ సంస్థ. వ్యక్తిగత సమాచార రక్షణ విషయంలో పర్యవేక్షణ స్వతంత్ర సంస్థ చేతిలోనే ఉండాలని చార్టర్ 8వ అధికరణ శాసిస్తుంది; ప్రభుత్వ అజమాయిషీ ఉన్నందుకు 2010 మార్చి 9న జర్మన్ రాష్ట్రాల పద్ధతిని లక్సెంబర్గ్ తప్పుపట్టింది. భావ ప్రకటనకు సంబంధించిన పర్యవేక్షణకు మాత్రం అంతటి స్వతంత్రత కోరకపోవడం పొంతన లేని విషయం. రేపు కమిషన్‌లో ఎవరు కూర్చుంటారో మనకు తెలియదు కాబట్టి ఈ లోటు నన్ను కలవరపెడుతుంది.

సమాఖ్య చేసిన కృత్రిమ మేధ చట్టం విషయంలో ఇదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన ఆ చట్టంలో నిషేధాలు 2025 ఫిబ్రవరి 2 నుంచి వర్తిస్తున్నాయి: మనుషులకు సామాజిక మార్కులు వేయడం, పని స్థలాల్లో, విద్యాసంస్థల్లో భావోద్వేగాలను పసిగట్టడం వంటివి కొద్ది మినహాయింపులతో కూడదు. మిగతా చట్టం ఎక్కువగా లిఫ్టుకో ఆటబొమ్మకో భద్రతా ముద్ర వేసే పద్ధతిలో నడుస్తుంది. వస్తువు సురక్షితమా అన్న ప్రశ్న వేరు, మనిషికి అన్యాయం జరిగిందా అన్న ప్రశ్న వేరు. ఆ తేడా తెలియాలంటే 2020 ఫిబ్రవరి 5న హేగ్ జిల్లా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు చూడండి. సంక్షేమ పథకాల్లో మోసాన్ని పట్టడానికి డచ్ ప్రభుత్వం వివిధ శాఖల సమాచారాన్ని కలిపి, ఎవరిపై అనుమానం పెట్టుకోవాలో లెక్కగట్టే వ్యవస్థను పేదల పేటల్లో వాడింది. ఆ లెక్క ఎలా కడుతుందో బయటపెట్టడానికి నిరాకరించింది. ఎవరూ సరిచూడలేని పద్ధతితో పౌరుల వ్యక్తిగత జీవితంలోకి చొరబడటం చార్టర్‌కు వేరైన ఐరోపా మానవ హక్కుల ఒప్పందంలో వ్యక్తిగత జీవితాన్ని కాపాడే 8వ అధికరణకు విరుద్ధమని న్యాయస్థానం చెప్పింది. తెలంగాణలో శాఖల రికార్డులను కలిపి కుటుంబాల చిత్రం గీసే 'సమగ్ర వేదిక' అనే ప్రభుత్వ వ్యవస్థ గురించి, రద్దయిన రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం గురించి తెలిసినవారికి ఈ తీర్పు పరాయిదిగా అనిపించదు. కార్డు పోయిన కుటుంబానికి ముందుగా కావలసింది ఎందుకు పోయిందో చెప్పే ఒక కాగితం.

సమాచారాన్ని ఇతర దేశాలకు పంపే విషయం మీరు అడగలేదు గానీ ఒక్క మాట చెప్పాలి. అమెరికాతో కుదిరిన రెండు ఏర్పాట్లను, 2015 అక్టోబరులో ఒకదాన్ని, 2020 జులైలో మరొకదాన్ని, అక్కడి నిఘా చట్టాల ముందు ఐరోపా పౌరుడికి సరైన రక్షణ, న్యాయ పరిహారం లేవన్న కారణంతో లక్సెంబర్గ్ కొట్టివేసింది. హైదరాబాదులో కూర్చుని ఐరోపా వినియోగదారుల వివరాలపై పనిచేసే మన ఇంజనీర్ల కంపెనీలు ప్రామాణిక ఒప్పంద నిబంధనలపై (సమాచార రక్షణకు హామీ ఇచ్చే, ముందే రాసిపెట్టిన షరతులపై) సంతకాలు చేయవలసి రావడం, అటువైపు న్యాయవాదులు మన నిఘా చట్టాల గురించి ప్రశ్నలు పంపడం ఆ తీర్పుల ఫలితమే.

చివరిగా, ఇప్పుడు గమనించవలసిన చోటు. 2025 నవంబరు 19న ఐరోపా కమిషన్, పరిశ్రమ భారాన్ని తగ్గించే పేరుతో, సమాఖ్య వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమైన జీడీపీఆర్‌లో వ్యక్తిగత సమాచారం అన్న నిర్వచనాన్ని సవరించాలని, కృత్రిమ మేధ చట్టంలో అధిక ముప్పు వ్యవస్థలపై బాధ్యతలను వాయిదా వేయాలని ప్రతిపాదించింది. జీడీపీఆర్‌ను శాసనకర్తలు మార్చుకోవచ్చు. చార్టర్ 8వ అధికరణను మామూలు చట్టంతో మార్చలేరు. కుదించిన నిర్వచనం ఆ అధికరణకు సరిపోతుందా అన్నది మళ్లీ లక్సెంబర్గ్ గడప దాకా వెళ్లక తప్పదని నా అంచనా. మన దేశంలో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించి, అనుపాత పరీక్షను కూడా స్వీకరించింది. అయినా 2023 నాటి మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో 17వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకు విస్తృత మినహాయింపులకు వీలు కల్పిస్తుంది, పర్యవేక్షించే బోర్డు సభ్యులను కేంద్ర ప్రభుత్వమే నియమిస్తుంది. ఐరోపా చట్టాలతో మన చట్టాన్ని పోల్చే పని మీరు తలపెడితే, జరిమానాల పట్టికను పక్కన పెట్టి ఈ రెండు నిబంధనలతో మొదలుపెట్టండి.